ఆంగ్లవ్యాకరణమున పదబంధభేదములు: రూపము, స్థానము

ఆంగ్లవ్యాకరణ గ్రంథములలో 'ఫ్రేజ్' అనబడు దానిని మనవారు పదబంధమని తెనిగించి చాలకాలమైనది. పేరు స్థిరపడినది గాని, ఆ పేరుచే చెప్పబడు వస్తువు స్థిరపడలేదు. పాఠశాలలో 'ఎడ్జెక్టివ్ ఫ్రేజ్' అని నేర్చినది యొకటి. విశ్వవిద్యాలయమున భాషాశాస్త్ర గ్రంథములు తెఱచినపుడు అదే పేరుతో ఎదురగునది మఱియొకటి. ఈ రెంటిని వేఱుపఱుపక 'విశేషణ పదబంధము' అను నొక్క మాటనే రెంటికిని వాడుటచే పరిశోధక విద్యార్థుల వ్రాతలలో చిక్కు ఏర్పడుచున్నది. ఒక ప్రకరణమున ప్రిపొజిషనుతో మొదలగు బంధములను విశేషణ పదబంధములుగా లెక్కించి, తరువాతి ప్రకరణమున విశేషణమే ప్రధానముగా గల బంధములను ఆ పేరుతో లెక్కించిన వ్రాతలను మేము చదివియున్నాము. లెక్క తప్పుట యటుండ, ఆంగ్లాంధ్రముల పోలికకై చేసిన శ్రమ యంతయు దీనిచే నిష్ప్రయోజనమగును. ఈ చిక్కు ఎచట పుట్టినదో చూపి, దానిని విప్పుటకు తెలుగుభాషయే యెట్లు తోడ్పడునో యీ వ్యాసమున వివరింపదలచినాము.

మన పాఠశాలలకు పదబంధ విభాగము నేర్పినవారు ముఖ్యముగా ముగ్గురు. పందొమ్మిదవ శతాబ్దపు చివర నెస్‌ఫీల్డు వ్యాకరణములును, 1930 దశకమున వెలువడిన రెన్, మార్టినుల వ్యాకరణమును తరతరముల విద్యార్థులు వల్లించినారు. (ఈ రెన్ దొరయే 1924లో 'బో జెస్ట్' అను సాహసకథను వ్రాసి లోకమున పేరొందిన నవలాకారుడని మన విద్యార్థులలో పలువురెఱుగరు.) ఈ సంప్రదాయము ననుసరించి పదబంధమనగా సమాపకక్రియ లేక, అర్థము కలిగి, వాక్యమున నొక పదము చేయు పని చేయు పదసముదాయము. అది నామము చేయు పని చేసిన నామబంధము, విశేషణము చేయు పని చేసిన విశేషణబంధము, క్రియావిశేషణము చేయు పని చేసిన క్రియావిశేషణబంధము. 'ఎ మాన్ ఆఫ్ గ్రేట్ లెర్నింగ్' అనుచోట 'ఆఫ్ గ్రేట్ లెర్నింగ్' అనునది 'మాన్' అను పదమునకు విశేషణమగుచున్నది గనుక విశేషణబంధము. ఇచట చూడబడినది పని మాత్రమే. బంధములోపల ఏయే పదములున్నవి, వానిలో ఏది ప్రధానము అను విచారము లేదు.

నేటి వ్యాకరణములు దీనికి భిన్నమైన మార్గమున నడచుచున్నవి. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అను నలువురు వెలువరించిన బృహద్వ్యాకరణమునందును, 2002లో హడిల్‌స్టన్, పులమ్ ప్రభృతులు ప్రకటించిన కేంబ్రిడ్జి వ్యాకరణమునందును బంధమునకు పేరు లోపలి ప్రధానపదమును బట్టి వచ్చును. 'వెరీ లెర్నెడ్' అనునది విశేషణబంధము. ఏలయన 'లెర్నెడ్' అను విశేషణము దానికి ప్రధానము. 'ఆఫ్ గ్రేట్ లెర్నింగ్' అనునదియో ప్రిపొజిషను బంధము. అది విశేషణము చేయు పని చేయుట వేఱు విషయము. ఇట్లు ఒకే బంధము పాతమతమున విశేషణబంధము, క్రొత్తమతమున కాదు. రెండు మతములును తమతమ పరిధిలో యుక్తములే. రెంటికిని ఒకే పేరుండుట యొక్కటే యుక్తము గాదు.

'ప్రధానపదము' అను భావన మనకు క్రొత్తది గాదు. సమాసములను చెప్పునపుడు తత్పురుషము ఉత్తరపదార్థ ప్రధానమనియు, ద్వంద్వము ఉభయపదార్థ ప్రధానమనియు, బహువ్రీహి అన్యపదార్థ ప్రధానమనియు మనము చెప్పుచునే యున్నాము. 1933లో బ్లూమ్‌ఫీల్డు తన 'లాంగ్వేజ్' అను గ్రంథమున నిర్మాణములను అంతఃకేంద్రకములు, బహిఃకేంద్రకములు అని రెండుగా విభజించినాడు. ఏ నిర్మాణము తనలోని యొక యంగముయొక్క స్థానమునే తానును పొందునో అది అంతఃకేంద్రకము. తనలోని ఏ యంగముయొక్క స్థానమును పొందనిది బహిఃకేంద్రకము. ఆయన పాణినీయ సంప్రదాయము నెఱిగిన పండితుడు. ఆంగ్లసమాసములను చెప్పునపుడు బహువ్రీహి మొదలగు సంస్కృతసంజ్ఞలనే వాడినాడు. కావున మన విద్యార్థి సమాసప్రకరణమును చక్కగా చదివినవాడైనచో, ఈ విషయమున సగము దూరము నడచినవాడే.

అయినను సమాసమును పదబంధమును ఒకటిగా భావించుట మనలో మిక్కిలి ప్రబలమైన భ్రమ. దీనికి కారణము చరిత్రలో నున్నది. సంస్కృతమున విశేషణము విశేష్యముతోపాటు విభక్తిని పొందును. 'ఆ మూడు పాత పుస్తకములచేత' అనుటకు సంస్కృతమున 'తైః త్రిభిః పురాణైః పుస్తకైః' అని నాలుగు పదములును తృతీయను ధరింపవలెను. ప్రతి పదమును తన సంబంధమును తానే ప్రకటించుకొనుచున్నపుడు, ఆ నాలుగింటిని కట్టి యొక మూటగా చూడవలసిన అవసరము వ్యాకర్తకు అంతగా కలుగదు. తెలుగున నట్లు గాదు. 'ఆ', 'మూడు', 'పాత' అనునవి మాఱక నిలిచి, 'చేత' అను నొక్క విభక్తి చివర చేరి మొత్తమును కట్టుచున్నది. అనగా తెలుగున విభక్తి నామమునకు గాక నామబంధమునకు చేరుచున్నదన్నమాట. పదబంధమను భావన సంస్కృతముకంటె తెలుగునకే అధికముగా కావలసియున్నది. కాని 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణమున పది పరిచ్ఛేదములున్నను వాక్యమునకు గాని పదబంధమునకు గాని వేఱు పరిచ్ఛేదము లేదు. విభక్తి లేని విశేషణము నామమునకు ముందు నిలిచినపుడు దానిని కర్మధారయములో చేర్చుకొనుటతో సరిపోయినది. సూరి ప్రజ్ఞకు ఇది కొఱత గాదు. ఆయన పెట్టుకొన్న చట్టము అట్టిది.

సమాసమునకు పదబంధమునకు గల భేదమును తరగతిలో చూపుటకు ఎదుట గోడపైనున్న నల్లబల్ల చాలును. 'నల్లబల్ల' సమాసము, 'నల్లని బల్ల' పదబంధము. ఆంగ్లమునను 'బ్లాక్‌బోర్డ్' అని మొదటి భాగము నొక్కి పలికిన సమాసము, 'బ్లాక్ బోర్డ్' అని రెండవ పదమునను ఊనిక నిలిపి పలికిన పదబంధము. నల్లబల్లకు ఆకుపచ్చరంగు వేసినను అది నల్లబల్లయే. నల్లని బల్లకు ఆకుపచ్చరంగు వేసిన నది నల్లనిది కాజాలదు. 'మిక్కిలి నల్లని బల్ల' అనవచ్చును, 'మిక్కిలి నల్లబల్ల' అనరాదు. పదబంధమున లోపలి విశేషణమునకు మఱల విశేషణము చేర్చుటకు తావుండును. సమాసమున ఆ తలుపు మూసికొనును. 'నల్లత్రాచు' మొదలగు పేర్లకును ఇదే గతి.

పదసముదాయము బంధమగునా కాదా యని తెలిసికొనుటకు సర్వనామము మంచి సాధనము. 'దోజ్ త్రీ ఓల్డ్ బుక్స్ ఆన్ ది షెల్ఫ్' అను నంతటికిని బదులుగా 'దే' అనవచ్చును. 'బుక్స్' అను నొక్క పదమును మాత్రము తీసి దాని తావున 'దే' నుంచి 'దోజ్ త్రీ ఓల్డ్ దే' అనుట యెవరికిని పొసగదు. తెలుగున 'అలమరలోని ఆ మూడు పాత పుస్తకములు' అను నంతటికిని 'అవి' బదులగును. 'ఆ పాత అవి' యని యెవరును అనరు. నామమునకు బదులుగా వచ్చునది సర్వనామమని పిల్లలకు చెప్పుచున్నాము. నిజమునకు అది నామబంధమునకు బదులుగా వచ్చునది. ఈ యొక్క సవరణ చేసిన పాఠశాల వ్యాకరణమునకు ఎంతయో మేలగును.

ఆంగ్ల షష్ఠియు ఇట్టి సాక్ష్యమునే యిచ్చుచున్నది. 'ది కింగ్ ఆఫ్ ఇంగ్లండ్స్ క్రౌన్' అనుచోట కిరీటము రాజుదే గాని దేశముది గాదు. అయినను షష్ఠీచిహ్నమైన సకారము రాజునకు చేరక, బంధమునకు తుదనున్న 'ఇంగ్లండ్' అను పదమునకు చేరినది. ప్రాచీనాంగ్లమున షష్ఠి నామమునకే చేరెడిది. కాలక్రమమున అది బంధమునకు తుద చేరునదైనది. చివర నొక్కచోట నిలిచి బంధమంతటిని పాలించు మన విభక్తితో దీనిని పోల్చి చూపినచో విద్యార్థికి విషయము వెంటనే పట్టుబడును.

ఇక ప్రిపొజిషను బంధము. చిక్కంతయు నిచటనే యున్నది; తెలుగు చేయు సాయమును ఇచటనే యధికము. ఈ వాక్యమును చూడుడు: 'హి రెడ్ ది బుక్ ఆన్ ది టేబుల్.' పాతమతమున 'ఆన్ ది టేబుల్' అనునది ఏ బంధము? బల్లమీదనున్న పుస్తకమునే చదివెనని యర్థమైనచో విశేషణబంధము. పుస్తకమును బల్లమీద పెట్టుకొని చదివెనని యర్థమైనచో క్రియావిశేషణబంధము. ఆంగ్లమున ఈ రెంటికిని రూపభేద మేమియు లేదు. అక్షరమైనను మాఱకుండ, ఊహ మాఱినంత మాత్రమున బంధముయొక్క జాతి మాఱుచున్నదన్న, ఆ జాతి బంధమునకు చెందినదా, దానిని చూచు మనకు చెందినదా? ఈ ప్రశ్నయే క్రొత్త వ్యాకర్తలను ప్రధానపదము వైపు మరల్చినది.

అదే వాక్యమును తెలుగు చేయబోయిన వానికి ఈ సందేహము నిలువదు. 'బల్లమీది పుస్తకమును చదివెను' అని యైన ననవలెను, 'పుస్తకమును బల్లమీద చదివెను' అని యైన ననవలెను. 'మీది', 'మీద' అను వానికి భేద మొక యచ్చు మాత్రమే. కాని నెస్‌ఫీల్డు సంప్రదాయము చెప్పిన విశేషణ, క్రియావిశేషణ బంధముల భేదమంతయు ఆ యచ్చులో నిలిచియున్నది. లోని, లో, క్రింది, క్రింద, వెనుకటి, వెనుక, ముందటి, ముందు: ఈ జంటలన్నియు నట్టివే. 'ది కలెక్టర్ రోట్ టు ది టీచర్ ఇన్ నెల్లూరు' అన్నపుడు నెల్లూరులో నున్నది కలెక్టరో ఉపాధ్యాయుడో ఆంగ్లము చెప్పదు. 'నెల్లూరులోని ఉపాధ్యాయునకు' అన్నచో తెలుగు చెప్పును. ఆంగ్లమున ఊహాగమ్యమైన భేదము తెలుగున శ్రవణగోచరము. ఆంగ్లవ్యాకరణమును తెలుగువానికి బోధించు ఉపాధ్యాయులు ఈ సంపదను వాడుకొనక, ఏది విశేషణబంధమో ఏది క్రియావిశేషణబంధమో కంఠస్థము చేయించుట మాకు వింతగా తోచును.

ఈ బంధమునకు ప్రధానపదమేది యను విషయమున పండితులలో ఏకాభిప్రాయము వెంటనే కుదరలేదు. 'ఆన్ ది టేబుల్' అనునది నామబంధముయొక్క స్థానమును గాని ప్రిపొజిషనుయొక్క స్థానమును గాని పొందదని బ్లూమ్‌ఫీల్డు దీనిని బహిఃకేంద్రకములలో చేర్చినాడు. కాని 1924లోనే యెస్పర్సన్ తన వ్యాకరణతత్త్వ గ్రంథమున, 'హి ఈజ్ ఇన్' అన్నపుడును 'హి ఈజ్ ఇన్ ది హౌస్' అన్నపుడును 'ఇన్' అనునది ఒకే పదమనియు, కర్మగల క్రియకును కర్మలేని క్రియకును గల భేదమువంటిదే వీనికి గల భేదమనియు వాదించినాడు. ఈ మతము నంగీకరించినచో ప్రిపొజిషను తన స్థానముననే బంధమును నిలుపుచున్నది గనుక అదియే ప్రధానపదము. 2002 నాటి కేంబ్రిడ్జి వ్యాకరణము ఈ దారినే పోయినది. మాకును ఇదియే సమంజసముగా తోచుచున్నది. 1987లో ఆబ్నీ తన సిద్ధాంతవ్యాసమున, నామబంధమునకు నామము గాక ముందున్న 'ది', 'దోజ్' వంటి నిర్దేశపదములే ప్రధానములని ప్రతిపాదించినాడు. అది వేఱు చర్చ.

క్రియాబంధమును గుఱించి కొంచెము చెప్పిన చాలును. ఈ పేరునకును రెండర్థములున్నవి. 'మే హావ్ బీన్ రైటింగ్' అను క్రియాసహాయక సముదాయమును క్వర్క్ ప్రభృతులు క్రియాబంధమనిరి. 1957లో చామ్‌స్కీ 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్' అను గ్రంథమున క్రియతో కర్మను కూడ చేర్చి, నామబంధమునకు ఎదుట నిలుచు వాక్యభాగమునకంతటికి ఆ పేరిడెను. మొదటి యర్థమున నిది తెలుగున పెక్కుచోట్ల బంధమే కాదు. ఆంగ్లము నాలుగు పదములు పేర్చి చెప్పుదానిని తెలుగు 'వ్రాయుచుండియుండవచ్చును' అని యొక్క పదముగా కుదించును. వ్యాసకర్తలు తాము ఏ యర్థమున వాడుచున్నారో తొలిపుటలోనే చెప్పుట మంచిది.

అసమాపకక్రియలతో కూడిన బంధములు ఇంతకంటె విలువైనవి. 'టు రీడ్' అను తుమర్థక రూపమొక్కటే మూడు పనులు చేయును. 'ఐ వాంట్ టు రీడ్' అనుచోట నామము. 'ఎ బుక్ టు రీడ్' అనుచోట విశేషణము. 'హి కేమ్ టు రీడ్' అనుచోట క్రియావిశేషణము. తెలుగున 'చదువగోరుచున్నాను', 'చదువదగిన పుస్తకము', 'చదువుటకు వచ్చెను' అని మూడు పనులకును మూడు రూపములు. ఆంగ్లము ఒక రూపమున దాచినదానిని తెలుగు మఱల బయటపెట్టుచున్నది.

'వాకింగ్ ఇన్ ది గార్డెన్, ఎ స్నేక్ బిట్ హిమ్' అను వాక్యమును ఆంగ్లోపాధ్యాయులు దోషమని దిద్దుదురు. నడచినది పాము అను నర్థము వచ్చుచున్నదని కారణము చెప్పుదురు. 'తోటలో నడచుచు పాము వానిని కఱచెను' అన్నను తెలుగు చెవికి అదే దోషము వినబడును. కాని తెలుగు ఆ దోషమునకు మందును కూడ తనయందే యుంచుకొన్నది. 'వాడు తోటలో నడచుచుండగా పాము కఱచెను' అన్న దోషము పోయినది. శత్రర్థకము ఏకకర్తృకము, 'అగా' చేరిన రూపము భిన్నకర్తృకమునకును ఒప్పును. ఆంగ్లమున 'ది సన్ హావింగ్ సెట్' వంటి స్వతంత్రబంధము, సంస్కృతమున సతిసప్తమి, తెలుగున 'సూర్యుడస్తమింపగా' అను ప్రయోగము ఈ మూడును ఒకే పని చేయుచున్నవి. క్త్వార్థకమునకును ఏకకర్తృకత్వమే సామాన్యనియమము. అయినను 'వానలు కురిసి పంటలు పండినవి' వంటి కార్యకారణ ప్రయోగములు దానికి లోబడవు.

ఇచట నొక హెచ్చరిక యవసరము. సమాపకక్రియ లేనిది పదబంధము, ఉన్నది ఉపవాక్యము అను పాత ఆంగ్లలక్షణమును తెలుగునకు యథాతథముగా తెచ్చుట తగదు. 'ఇఫ్ ఇట్ రెయిన్స్' అనునది సమాపకక్రియ గలది గనుక ఉపవాక్యము. 'వాన కురిసినచో' అనునది దానికి సరియైన తెలుగు. దానియందు కర్తయు క్రియయు నున్నవి, సమాపకక్రియ మాత్రము లేదు. ఆ లక్షణము ప్రకారము దీనిని పదబంధమనవలసి వచ్చును. 'నిన్న వచ్చిన బాలుడు' అనుచోట 'నిన్న వచ్చిన' అనునదియు నట్టిదే. ఆంగ్లమునకును ఈ లక్షణము సరిపడదని తలచియే 1985 నాటి వ్యాకరణకర్తలు అసమాపకక్రియ గలవానిని సైతము ఉపవాక్యములలో చేర్చినారు. తెలుగునకు ఆ మార్గమే శరణ్యము. లేనిచో తెలుగున ఉపవాక్యములే దాదాపుగా లేవని ప్రకటింపవలసి వచ్చును.

సంజ్ఞల విషయమున మా ప్రతిపాదన యిది. బంధమునకు పేరు ప్రధానపదమును బట్టియే యుంచవలెను: నామబంధము, విశేషణబంధము, క్రియావిశేషణబంధము, క్రియాబంధము, ప్రిపొజిషను బంధము. వాక్యమున అది చేయు పనిని చెప్పవలసినపుడు 'స్థానీయము' అను మాటను చేర్చవలెను. అపుడు 'ఆఫ్ గ్రేట్ లెర్నింగ్' విశేషణస్థానీయమైన ప్రిపొజిషను బంధము. 'హి కేమ్ లాస్ట్ నైట్' అనుచోట 'లాస్ట్ నైట్' క్రియావిశేషణస్థానీయమైన నామబంధము. తెలుగు 'నిన్న రాత్రి' యును అట్టిదే. పేరు కొంత దీర్ఘమగును. కాని రెండు ప్రశ్నలకు రెండు సమాధానము లుండుటచే పాతగ్రంథములు చదివినవాడును క్రొత్తగ్రంథములు చదివినవాడును ఒకే తరగతిలో కూర్చుండి మాటలాడుకొనవచ్చును.

తెలుగు రూపములు అన్నిచోట్లను ఇంత సులభముగా దారి చూపునని తలపరాదు. 'మీద'కు 'మీది' యున్నట్లు 'తో', 'నుండి' అను వానికి విశేషణరూపములు లేవు. 'ఎ మాన్ విత్ ఎ స్వోర్డ్' అనుదానిని 'కత్తితో మనిషి' యన్నచో తెలుగు గాదు. 'కత్తి గల మనిషి' యనియో 'కత్తి పట్టిన మనిషి' యనియో ధాతుజవిశేషణమును తేవలెను. ఆంగ్లమునుండి త్వరత్వరగా చేయు అనువాదములలో కానవచ్చు కృతకత్వమునకు ఇది యొక ముఖ్యకారణము. అయితే 'ఎ ఫైట్ విత్ స్వోర్డ్స్' అనుదానిని 'కత్తులతో యుద్ధము' అన్న ఏ దోషమును లేదు. 'గుంటూరునుండి ప్రయాణము', 'శత్రువులతో సంధి' యనునవియు నట్టివే. యుద్ధము, ప్రయాణము, సంధి యనునవి నామములైనను వాని గర్భమున క్రియ యున్నది; ఆ క్రియయే 'తో', 'నుండి' యను విభక్తులను ఆకాంక్షించుచున్నది. మనుష్యశబ్దమునకు అట్టి యాకాంక్ష లేదు. నేటి ఆంగ్లవ్యాకర్తలు నామబంధమున పూరకమనియు విశేషకమనియు చేయు విభాగమునకు తెలుగున లభించు ప్రత్యక్షసాక్ష్యము ఇదియే. ఏయే నామములు ఏయే విభక్తులను ఇట్లు ఆకాంక్షించునో, కావ్యభాషనుండియు వ్యవహారమునుండియు ఉదాహరణములు సేకరించి పట్టిక చేయుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని.